ఒక్క చెంచా తీర్పు

టైలరమ్మ ఇంట్లో కత్తెర్లు రెండు. ఒకటి కాగితాలకీ, పొట్లాల దారాలకీ, మందుబిళ్ళల అట్టలకీ. రెండోది గుడ్డకి మాత్రమే. కూతురు చిన్నతనంలో ఒకసారి ఆ రెండో కత్తెరతో రంగు కాగితం కోసిందని ఆ పూటంతా ఇంట్లో మాటలు బందయ్యాయి. కత్తెర పదునూ నోటి మాటా ఒక్కలాంటివే, పోతే వెనక్కి రావు అనేది ఆవిడ. అలాంటి మనిషి, ఓ మధ్యాహ్నం మొగుడు కునుకు తీస్తుండగా, ఆ గుడ్డ కత్తెరే పట్టుకుని టీవీ వెనక్కి వెళ్ళి కేబుల్ వైరుని కసుక్కున కోసేసింది.

వైరు లోపల రాగి ఉంటుందని ఆ కోపంలో తట్టలేదు. పదును మధ్యలో చిన్న నొక్కు పడింది. బొటనవేలితో తడిమి చూసుకుంది. మరో రోజైతే గుండె కలుక్కుమనేది. ఆ రోజు మాత్రం, "పోతే పోయింది. కత్తెర పోతే ఇంకోటి కొనుక్కుంటాను. కాలు పోతే ఏ కొట్లో దొరుకుతుంది?" అని తనకి తనే చెప్పుకుని, కత్తెరని మిషను సొరుగులో పెట్టేసింది.

కాలు ఆయనది. పనిచేసినన్నాళ్ళూ సిటీ బస్సు నడిపాడు. బ్రేకు మీదా యాక్సిలరేటరు మీదా అరిగిన కాళ్ళు. షుగరు జబ్బు ఎప్పటి నుంచో ఉంది కానీ, పెళ్ళిలో పిలవని చుట్టంలా ఓ మూల కూర్చుని ఉండేది. ఈమధ్యే లేచి పెత్తనం మొదలుపెట్టింది. ఎడమకాలి చిటికెన వేలి పక్కన బూటు ఒరుసుకుని పుండు పడింది. నొప్పి లేదు. నొప్పి తెలియకపోవడమే ఆ జబ్బులో ఉన్న దొంగతనం. మేజోడుకి మరక అంటుకుంటే, ఉతికేటప్పుడు టైలరమ్మ చూసింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"చూడండి పెద్దాయనా, షుగరు దిగితే పుండు మూసుకుంటుంది. దిగకపోతే ఈ వేలు తీసెయ్యాలి. అప్పటికీ దిగకపోతే, నేను ఇలా పైకి రావాల్సి వస్తుంది." అని తన వేలితో ఆయన పాదం మీద నుంచి చీలమండ దాకా గాలిలో ఒక గీత గీసింది.

ఆ గీత టైలరమ్మ కళ్ళ ముందు నుంచి పోలేదు. సుద్దముక్కతో గుడ్డ మీద గీసినంత స్పష్టంగా కనపడింది. ఆవిడ జీవితమంతా గీతలు గీసి కోసిన మనిషి. గీత పడిందంటే తర్వాత పడేది కత్తెరే అని ఆవిడకి తెలుసు.

విడిపోవడం అంటే ఆవిడకి చిన్నప్పటి నుంచీ భయం. తల్లి "ఇప్పుడే వస్తానమ్మా" అని ఆస్పత్రికి వెళ్ళి రాలేదు. అన్న "వచ్చే నెలలో వస్తా" అని పనికోసం వెళ్ళి రాలేదు. అప్పటి నుంచీ ఎవరైనా గడప దాటుతూ "వస్తా" అంటే, వాళ్ళు తిరిగొచ్చేదాకా గడప దగ్గరే తచ్చాడుతుంది. జత తప్పిన మేజోడు కూడా పారెయ్యదు, రెండోది ఎక్కడో ఉండే ఉంటుందని. ఈ సంగతి తెలిసిన మొగుడు డ్యూటీకి వెళ్ళేటప్పుడు ఎన్నడూ "వస్తా" అనలేదు. "బండి తిప్పుకొస్తానే" అనేవాడు. బస్సు ఎంత దూరం వెళ్ళినా తిరిగి డిపోకి రావాల్సిందే కదా అని ఆవిడ సరిపెట్టుకునేది.

ఇక ఆ టీవీ సంగతి. రోజూ సాయంత్రం కేకుల పోటీ వస్తుంది. శనివారం కొత్తది, మిగతా రోజుల్లో పాతవే మళ్ళీ. ఏప్రాన్లు కట్టుకున్న ఆడవాళ్ళూ మగవాళ్ళూ గిన్నెలకి గిన్నెలు పంచదార పోస్తారు, ఇటుకల్లాంటి వెన్న ముద్దలు వేస్తారు, మేడ మీద మేడ కట్టినట్టు కేకు మీద కేకు నిలబెట్టి పైనుంచి చాక్లెట్ కారుస్తారు. అది చూస్తుంటే ఆయన గుటకలు వంటింట్లోకి వినపడేవి. అది అయిపోగానే డబ్బాల మూతలు చప్పుడయ్యేవి.

"ఆ పోటీలే నాన్న కొంప ముంచుతున్నాయమ్మా" అంది కూతురు. రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది, మాట్లాడితే అంకెలతోనే మాట్లాడుతుంది. "కళ్ళ ముందు అంత తీపి ఊపుతుంటే ఎవరికి ఆగుతుంది? ముందు ఆ ఛానల్ ఆపించు."

అందుకే ఆ కత్తెర. ఇంకో కారణం కూడా ఉంది, అది ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఆ పోటీలో చివర్న ఒకరు ఓడిపోయి వెళ్ళిపోతారు. ఏప్రాన్ విప్పి బల్ల మీద పెట్టి, మిగతావాళ్ళని కావలించుకుని, ఏడుస్తూ తలుపు దాటి వెళ్ళిపోతారు. ప్రకటనల్లో ఆ ముక్క వచ్చినా ఆవిడ చూడలేకపోయేది. జడ్జీలు రుచి చూడటానికి బల్లల దగ్గరికి బయల్దేరగానే తను లేచి వంటింట్లోకి వెళ్ళి, మాటలు వినపడకుండా కుళాయి తిప్పుకుని గిన్నెలు తోముకునేది. ఆ కార్యక్రమం ఒక్కసారి కూడా చివరిదాకా చూసి ఎరగదు.

సాయంత్రం ఆయన టీవీ పెడితే తెర మీద ఇసక రాలింది.

"ఏమే, దీనికేమైందే?"

"ఎలక కొరికిందండీ."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, గోడ పట్టుకుని వంగి, తెగిన వైరు కొస పైకెత్తి చూశాడు. ఇంజను తెరిచి చూసే మెకానిక్కులా చాలాసేపు చూశాడు.

"ఎలకా?"

"ఎలకే."

"ఎంత తిన్నగా కొరికిందే! సుద్దముక్కతో గీత గీసుకుని మరీ కొరికినట్టుంది. మనింట్లో ఎలకలు కూడా నీ దగ్గర పని నేర్చుకున్నాయన్నమాట."

"నవ్వండి, నవ్వండి. డాక్టరమ్మ గీత గీస్తే నవ్వు రాలేదే మీకు?"

ఆయన వైరు కొసని బుద్ధిగా టీవీ మీద పెట్టి, చేతికర్ర అందుకున్నాడు. "డిపో గేటు దగ్గర బల్ల మీద మనవాళ్ళతో కాసేపు కూర్చుంటా. బండి తిప్పుకొస్తానే" అన్నాడు. డిపో వీధి చివరే. ఎక్కువ నడక కాదు. ఖాళీ టీవీ ముందు మూతి ముడుచుకుని కూర్చోవడం కంటే అదే నయం అనుకుంది ఆవిడ. మర్నాడూ అలాగే వెళ్ళాడు. ఆ తర్వాతా వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు మొహం విప్పారి ఉండేది. డబ్బాల మూతల చప్పుడు లేదు. పీడ విరగడైంది, వైరు తెగింది, ఆకలి తెగింది అని టైలరమ్మ మురిసిపోయింది.

ఆ మురిపెం కూతురు వచ్చి ఆయన వేలు గుచ్చి మీటరు చూసేదాకానే.

"అమ్మా, దిగలేదు. దిగకపోగా ఎక్కింది."

"ఎక్కడమేంటే? నేను కొలిచి పెడుతున్నాను కదా! రొట్టె కొలత, కూర కొలత. టీలో పంచదార అన్న మాటే లేదు."

"మరి ఎక్కడి నుంచి వస్తోంది నాన్నా?"

"గాల్లోంచేమో" అన్నాడాయన పైకి చూస్తూ.

"గాల్లోంచి దోమలొస్తాయి, షుగరు రాదు" అంది కూతురు. తలగడ కింద వెతికింది, చొక్కాల జేబులు వెతికింది. ఏమీ దొరకలేదు. పుండు మాత్రం నోరు తెరుచుకుంటూనే ఉంది.

దొరికింది టైలరమ్మకే, ఉతికే బట్టల్లో. ఆయన తెల్లచొక్కా కుడి ముంజేతి పట్టీ మీద అద్దంలా మెరిసే మరక. నీళ్ళు పోస్తే నీళ్ళు నిలవకుండా జారిపోయాయి. నూనె మరకైతే గుడ్డలోకి పాకుతుంది, ఇది పైనే గడ్డకట్టింది. వెన్న. ఇంట్లో వెన్న మానేసి ఎన్నాళ్ళయిందో! డిపో బల్ల మీద వెన్న ఎవరు రాశారు?

ఆ సాయంత్రం ఆయన "బండి తిప్పుకొస్తానే" అని వెళ్ళాక, చెప్పులు వేసుకుని ఆవిడా బయల్దేరింది. డిపో గేటు దగ్గర బల్ల ఖాళీగా ఉంది. దాని మీద ఒక కుక్క పడుకుని ఉంది. నాలుగడుగులు అవతల, మలుపులో బేకరీ. అద్దాల వెనక తెల్లటి దీపాలు, గోడ మీద పెద్ద టీవీ. టీవీలో కేకుల పోటీ. టీవీకి ఎదురుగా, మూల బల్ల దగ్గర, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతున్నట్టు, కాలు బల్ల కిందకి దాచుకుని తన మొగుడు.

ఆవిడ తలుపు తోసుకుని వెళ్ళి ఎదుటి కుర్చీలో కూర్చుంది. దొంగకి తేలు కుట్టినట్టయింది ఆయనకి. ఫోర్కు మీద ముక్క నోటి దాకా వచ్చి ఆగిపోయింది. మింగలేడు, దించలేడు.

"కానివ్వండి" అంది ఆవిడ. "ఎలకలు నా ఒక్కదానింట్లోనే ఉన్నాయనుకున్నాను. బేకరీలో కూడా ఉన్నాయి."

అరుద్దామనే వచ్చింది. కానీ సరిగ్గా అప్పుడే టీవీలో జడ్జీలు బల్లల దగ్గరికి బయల్దేరారు. ఇంట్లో అయితే లేచిపోయేది. ఇక్కడ తిప్పుకోవడానికి కుళాయి లేదు. ఆవిడ కళ్ళు అటే పోయాయి, అక్కడే నిలిచిపోయాయి.

ఒక పిల్ల చేసిన నిమ్మ కేకు, మనిషి నడుము ఎత్తున ఉంది. బొద్దుగా ఉన్న జడ్జీ దాన్ని నిలువునా కోశాడు. వంగి లోపల చూశాడు, వేలితో నొక్కి చూశాడు, వాసన చూశాడు. ఒక్క చెంచా తీసుకుని నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచాడు. చెంచా కింద పెట్టేశాడు. పుల్లదనం గురించి, మెత్తదనం గురించి, అడుగు కాస్త తడిసిపోవడం గురించి చాలాసేపు మాట్లాడాడు. తర్వాత రెండో బల్ల. అక్కడా ఒక్క చెంచా. మూడో బల్ల దగ్గరా అంతే. అన్ని మేడల కేకుల మధ్య నడిచి, చెంచా కింద పెట్టేసి వెళ్ళిపోయాడు.

"అంతేనా?" అంది టైలరమ్మ పైకే.

"ఏం కావాలి పిన్నిగారూ?" అంటూ వచ్చాడు బేకరీ అతను.

"ఆ మహారాజు తినేది అంతేనా అని."

"అంతే పిన్నిగారూ. అన్నీ లాగించేస్తే వాళ్ళు బతకొద్దూ?"

ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "ఇది రోజూ చూస్తున్నారు కదా మీరు, చివరిదాకా?"

"చూస్తున్నా."

"మరి వాళ్ళ చెంచా కనపడలేదా మీకు? పోసేటప్పుడు పోసే పంచదారే కనపడిందా?"

ఆయన తన పళ్ళెం వంక చూసుకున్నాడు. సగం ముక్క పోయింది, అద్దిన క్రీము కూడా పోయింది. దాని రుచి ఏమిటో చెప్పమంటే చెప్పలేడు. తెర మీద కళ్ళు, నోట్లో చెయ్యి.

"ఏమైంది పెద్దాయనా?" అన్నాడు బేకరీ అతను. టైలరమ్మ వంగి, బల్ల కింద నుంచి ఆ కట్టు కట్టిన కాలిని బయటికి లాగి చూపించింది. అతని మొహం పాలిపోయింది.

"షుగరా? అదేంటి బాబాయ్, నా ఒళ్ళు ఇనప ముక్క అన్నారు కదా! ఇంకో ముక్క వెయ్యమంటే ప్రేమగా పెద్దదే కోసి వేశాను కదా!"

"ఇనప ముక్కే" అంది ఆవిడ. "తుప్పు పట్టింది."

అతను తల గోక్కున్నాడు. "అబద్ధం ఎందుకు చెప్పను పిన్నిగారూ, ఈ పోటీ మొదలయ్యాక నాకు బేరం పెరిగింది. టీవీ తగిలించిందే అందుకు. చూస్తూ చూస్తూ జనం అడక్కుండానే కొంటారు. కానీ ఇలా అని తెలిస్తే నా చేత్తో పెడతానా?"

ఇద్దరూ ఇంటి దారి పట్టారు. ఆయన కర్ర చప్పుడు, ఆవిడ చెప్పుల చప్పుడు.

"నువ్వు ఎలక చేత అబద్ధం ఆడించావు. నేను బల్ల చేత ఆడించాను. చెల్లుకి చెల్లు" అన్నాడాయన.

"ఏం చెల్లు? కొలవకుండా కోశాను నేను. కొత్తగా పని నేర్చుకునే పిల్ల కూడా చెయ్యని పని. ఇంట్లో ఉంటే గుటకలే మింగేవారు, ఇంకాస్తయితే బిస్కెట్టు ముక్క. నేనే పెనం మీంచి పొయ్యిలోకి తోశాను."

"నువ్వు తోశావు సరే, నోరు తెరిచింది నేనే కదా."

ఆ తర్వాత ఆస్పత్రికి వెళ్తే డాక్టరమ్మ కట్టు విప్పింది. వేలు నల్లబడింది. తీసెయ్యక తప్పదంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాం అనుకుంది టైలరమ్మ. బండి మీద పడుకోబెట్టి తలుపులోకి తోసుకుపోతుంటే, ఆవిడ ఆయన దుప్పటి కొస పట్టుకుని వదల్లేదు. నర్సు మెల్లగా ఆవిడ వేళ్ళు విప్పింది. ఆయన తల తిప్పి, ఎండిన పెదాలతో, "బండి తిప్పుకొస్తానే" అన్నాడు. తలుపు మూసుకుంది. ఆవిడ గోడకి ఆనుకుని, ఆ తలుపునే చూస్తూ నిలబడింది. కుర్చీలో కూర్చోమని కూతురు ఎన్నిసార్లు చెప్పినా కూర్చోలేదు. కూర్చుంటే తలుపు తెరుచుకోదేమో అన్నట్టు నిలబడింది.

తిప్పుకొచ్చాడు. వేలు లేకుండా వచ్చాడు.

"ఇక ఈ గాయం మూసుకోవాలి" అంది డాక్టరమ్మ. "మూసుకుంటే పాదం మిగులుతుంది. అంతా మీ షుగరు చేతిలో ఉంది."

ఇంటికి రాగానే కూతురు టీవీని బల్ల మీద నుంచి దింపబోయింది. "ఎవరికైనా ఇచ్చేద్దాం అమ్మా. నాన్న వేలు తిన్నది ఇదే."

"ఉండనీ" అంది టైలరమ్మ. "కొత్త వైరు వేయించు."

"నీకేమైనా పిచ్చా? ఆ పోటీలు జనానికి తీపి పిచ్చి ఎక్కించడం లేదా?"

"ఎక్కిస్తున్నాయే. లేదని నేను అనను. బేకరీ అతనే ఒప్పుకున్నాడు. కానీ ఎలకలున్నాయని ఇల్లు తగలెట్టుకుంటామా? వైరు కోస్తే నోరు తెగలేదుగా. ఇల్లు దాటిపోయింది, అంతే. మీ నాన్న బేకరీలో తింటే నాకు కనపడదు. నా ఎదురుగా ఉంటే కొలవగలను."

"ఏం కొలుస్తావు?"

"చెంచా" అంది ఆవిడ.

కూతురికి నచ్చలేదు. డాక్టరమ్మని అడిగింది. రోజూ అయితే వద్దు, వారానికి ఒక్కసారి ఒక్క చెంచా అయితే, ఆ పూట రొట్టెలో కొంత తగ్గించి, ముందూ వెనకా మీటరు చూసుకుంటూ అయితే పర్వాలేదు, దొంగతనంగా తినే పళ్ళెం కంటే వెయ్యిరెట్లు నయం అంది డాక్టరమ్మ. రొట్టె ఎంత తగ్గించాలో కూతురే లెక్క కట్టింది. లెక్క కడుతూ కూడా మూతి ముడుచుకునే ఉంది.

అసలు చిక్కు ఆయనతో వచ్చింది.

"శనివారం శనివారం ఒక ముక్క తెప్పిస్తాను" అంది టైలరమ్మ. "జడ్జీలు తినేటప్పుడే మీరూ తినాలి. వాళ్ళలాగే చూడాలి, వాసన చూడాలి, ఒక్క చెంచా తినాలి, కింద పెట్టాలి. తీర్పు చెప్పాలి. మిగతాది కింది వాటా వాళ్ళకి."

"నాకొక్కడికేనా శిక్ష? మరి నువ్వు?"

"నేనేం చెయ్యాలి?"

"రుచులు మొదలవగానే పారిపోతావు కదా నువ్వు. గిన్నెలు లేకపోయినా కుళాయి తిప్పుతావు. ఇన్నేళ్ళుగా నాకు తెలియదనుకున్నావా? ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్ల తలుపు దాటుతుంటే చూడలేవు. నేను రెండో చెంచా ముట్టను. నువ్వు చివరిదాకా కూర్చోవాలి."

టైలరమ్మ వంటింటి వైపు ఒకసారి చూసింది. కానీ బేరం పెట్టింది తనే. "సరే" అంది.

మొదటి శనివారం బేకరీ అతను తనే ముక్క తెచ్చిచ్చాడు, నెయిల్ కట్టరుతో కోశాడా అన్నంత సన్నంగా.

"ఇది కేకా, కేకు ఫొటోనా?" అన్నాడాయన.

"బాబాయ్, ఇంకాస్త పెద్దది కోస్తే పిన్నిగారు నన్ను కోస్తారు."

తెర మీద జడ్జీ చెంచా ఎత్తాడు. ఆయనా ఎత్తాడు. నోట్లో పెట్టుకుని మింగి, "బాగుంది" అన్నాడు.

"బాగుంది అంటే తీర్పా? ఎందుకు బాగుందో చెప్పండి."

ఆయన ఆలోచించాడు. నాలుక అంగిట్లో తిప్పి చూసుకున్నాడు. "పైన క్రీము కొత్తగా వేసిన రోడ్డులా నున్నగా పోతోందే. లోపలికొచ్చేసరికి గతుకులున్నాయి. పిండి సరిగా కలవలేదు. చివర్లో ఎడమ పక్కకి లాగుతోంది. నిమ్మ తొక్క చేదు అనుకుంటా."

బేకరీ అతను నోరు తెరిచాడు. "నిజమే బాబాయ్. తొక్క ఎక్కువ గీరాను ఇవాళ. ఇన్ని ముక్కలు తిన్నారు, ఎప్పుడూ చెప్పలేదే!"

"తిన్నాను కానీ, నమిలానా ఎప్పుడైనా" అన్నాడాయన. అని, తనే ఆశ్చర్యపోయినట్టు చెంచా వంక చూశాడు.

ఆ రోజు చివర్న ఒక ముసలాయన ఓడిపోయి ఏప్రాన్ విప్పుతుంటే, టైలరమ్మ కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుని కూర్చుంది. లేవలేదు. ఎలా కూర్చుందో ఆవిడకే తెలియదు.

ఇల్లలకగానే పండగ కాదు కదా. కొన్ని వారాలు బాగానే నడిచింది. గాయం అంచులు గులాబీ రంగుకి తిరిగాయని కట్టు మార్చే నర్సు చెప్పింది. మీటరు అంకెలు మెట్లు దిగుతున్నట్టు దిగాయి. ఇంతలో ఒక శనివారం వచ్చింది. ఉదయం నుంచీ ఆయనకి లేని వేలు దురద పెడుతోంది. గోకుదామంటే అక్కడ ఏమీ లేదు. తెలియని వాళ్ళకి చెబితే నవ్వుతారు. ఆ చిరాకులో మనిషి అన్నింటి మీదా విరుచుకుపడ్డాడు. రొట్టె ఎండిపోయిందన్నాడు, టీ నీళ్ళలా ఉందన్నాడు. సాయంత్రం వచ్చింది చాక్లెట్ కేకు.

మొదటి చెంచా అయింది. తీర్పు చెప్పలేదు. చెయ్యి మళ్ళీ పళ్ళెం మీదికి పోయింది. చెంచా నిండా తీశాడు.

"ఏమండీ."

"ఏంటి? వేలు పోయింది. ఇంకేం మిగిల్చుకోవాలి? ఈ వయసులో ఎవరికోసమే ఈ కొలతలు?"

"రెండో చెంచా ముట్టారంటే నేను లేచిపోతాను. కుళాయి తిప్పుతాను."

"తిప్పుకో! ఎవరొద్దన్నారు?"

ఆవిడ లేచింది. వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి మీద చెయ్యి వేసింది. తెర మీద అప్పటికే సంగీతం మారింది. ఆ పాడు సంగీతం ఆవిడకి బాగా తెలుసు, ఎవరో వెళ్ళిపోయే ముందు వచ్చేది. ఇన్నాళ్ళూ ఈ నీళ్ళ చప్పుడు వెనకే కదా దాక్కున్నాను అనుకుంది. దాక్కుంటే ఎవరు ఆగారు? అమ్మ ఆగిందా, అన్న ఆగాడా? అక్కడ కూర్చుంటే కనీసం వెళ్ళిపోయే మనిషి మొహం చూస్తూ ఉండొచ్చు. ఆయన మాట తప్పితే తప్పనీ. నా మాట నేను ఎందుకు తప్పాలి?

కుళాయి తిప్పలేదు. తిరిగి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఆయన వైపు చూడలేదు. ఒళ్ళో రెండు చేతులూ బిగించి, తెర వంకే చూసింది. చిన్న మొహంతో ఉన్న ఒక అమ్మాయి, నర్సుగా పనిచేస్తుందట, ఏప్రాన్ ముడి విప్పుతోంది. ముడి బిగుసుకుపోయి రావడం లేదు. పక్కనున్న పోటీదారు వచ్చి విప్పి పెట్టాడు. అందరూ ఆ అమ్మాయి చుట్టూ మూగారు. టైలరమ్మ కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. రెప్ప వెయ్యలేదు. ఆ అమ్మాయి తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, ఏడుస్తూనే పకపకా నవ్వింది. చెయ్యి ఊపింది. ఆ తర్వాతే తలుపు మూసుకుంది.

నవ్వుతారని ఆవిడకి తెలియదు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అక్కడిదాకా చూడలేదు, ఈ వారాల్లో కూడా కొంగు చాటునే కూర్చుంది.

టంగుమని చప్పుడైంది. తల తిప్పి చూస్తే, ఆయన చెంచా పళ్ళెంలో పెట్టేశాడు. నిండు చెంచా, ముట్టుకోకుండా. పళ్ళేన్ని చేత్తో దూరంగా తోశాడు.

"తినలేదే?" అంది ఆవిడ.

"నువ్వు కూర్చున్నావుగా" అన్నాడాయన.

మూతి తుడుచుకుని, "చాక్లెట్ మాడింది. అడుగంటిన ఇంజనాయిల్ వాసన. రేపు వాడికి చెప్పాలి" అన్నాడు. అదే తీర్పు.

వానలు మొదలయ్యే రోజుల్లో డాక్టరమ్మ కట్టు విప్పి, ఈసారి కట్టు మళ్ళీ కట్టలేదు. గాయం మీద సన్నటి కొత్త చర్మం, ఇస్త్రీ చేసిన మడతలా. ఇంకొన్నాళ్ళు జాగ్రత్తగా ఉండాలని, మెత్తటి వెడల్పు బూటు వాడాలని, వేలు లేని చోట పాదం కదలకుండా బూటులో మెత్త పెట్టుకోవాలని చెప్పింది. చీలమండ దాకా గీసిన గీత సంగతి ఆవిడా ఎత్తలేదు, వీళ్ళూ ఎత్తలేదు. బయటికి వచ్చాక కూతురు తండ్రి భుజం మీద తల పెట్టి కాసేపు అలాగే నిలబడింది. తర్వాత తల్లి వైపు తిరిగి, "అయినా ఆ పోటీలు మంచివని మాత్రం నేను ఒప్పుకోను" అంది.

"ఎవరొప్పుకోమన్నారే? నోరూరించడం దాని పని. చెంచా దించడం మన పని" అంది టైలరమ్మ.

ఇంటికి రాగానే మిషను సొరుగు లాగి, గుడ్డ కత్తెర తీసింది. పాత ఊలు గుడ్డ ముక్క ఒకటి పరిచి, ఈసారి ముందుగా కొలిచింది. ఆయన్ని కూర్చోబెట్టి కాలి కింద కాగితం పెట్టి, పాదం చుట్టూ గీత గీసింది. రెండుసార్లు కొలిచి, అప్పుడు కోసింది. కత్తెర నొక్కు దగ్గరికి వచ్చినప్పుడల్లా గుడ్డ కొద్దిగా తట్టుకుని, అంచు మీద చిన్న పీచు లేచింది. ఆ పీచులన్నీ లోపలికి మడిచి కుట్టేసింది. దూది కూరింది. వేలంత మెత్త తయారైంది.

వేలు తీశాక కూతురు కొన్న మెత్తటి వెడల్పు బూట్ల పెట్టె అటక మీద నుంచి దింపింది. కుడి బూటు ఆయన ఇన్నాళ్ళూ తొడుగుతూనే ఉన్నాడు, గడప పక్కన ఒంటరిగా ఉంటోంది. ఎడమది పెట్టెలోనే ఉండిపోయింది. కుట్టిన మెత్తను ఎడమ బూటులో చిటికెన వేలి చోట అమర్చి, లోపల చెయ్యి పెట్టి ఎక్కడా గుచ్చుకోవడం లేదని తడిమి చూసుకుని, తీసుకెళ్ళి కుడి బూటు పక్కన పెట్టింది.

"ఇవాళే వేసుకోమంటావా?" అన్నాడాయన.

"డాక్టరమ్మ చెప్పినప్పుడు వేసుకుందురుగాని" అంది ఆవిడ. "జత కలిసి ఉండనీ అక్కడ."